తాళం, నిమ్మకాయ, గుర్రం

ఈ పూట చేయాల్సిన పనులు: కుట్టడానికిచ్చిన బూట్లు తెచ్చుకోవాలి. లైబ్రరీ పుస్తకం తిరిగిచ్చేయాలి, దానికోసం లైబ్రేరియన్ ఒకసారి మర్యాదగా, ఇంకోసారి మర్యాద కాస్త తగ్గించి అడిగింది. మూడో సంవత్సరం పిల్లల జవాబు పత్రాలు దిద్దడం ముగించాలి. చెల్లెలికి ఫోన్ చేయాలి. చేయకపోతే 'ప్రొఫెసరు గారికి తీరిక లేదు కాబోలు' అంటుంది, చేస్తే 'ఏంటన్నయ్యా, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా' అంటుంది. సాయంత్రంలోపు ప్రిన్సిపాల్‌కి ఔననో కాదనో చెప్పాలి: రిటైరయ్యాక ఇంకో రెండేళ్ళు ఉండి పాఠాలు చెబుతూ, కాలేజీ తరఫున సైన్యంవాళ్ళ మెడికల్ బోర్డులో కూడా కూర్చుని ఎవరు డ్యూటీకి పనికొస్తారో ఎవరు పనికిరారో తేలుస్తానా అని. వీటన్నిటికంటే ముందు ఈ ఆస్పత్రి బెంచీ మీద వంతు వచ్చేదాకా కూర్చుని, పిలిస్తే లోపలికి వెళ్ళి, నా బుర్ర ఇంకా నా మాట వింటోందో లేదో తేల్చుకోవాలి. ఇంకోటి కూడా ఉంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఉంది, గేటు వేస్తున్నప్పుడు కూడా ఉంది. దేన్నీ కాగితం మీద పెట్టుకోలేదు. పెట్టుకుంటే ముందే ఓడిపోయినట్టు. కానీ ఆ ఇంకోటి ఏది? చెల్లెలు, బూట్లు, పుస్తకం, పత్రాలు, ప్రిన్సిపాలు. ఇంకోటి.

పక్కన ఓ పెద్దాయన, ఆయన పక్కన కూతురు. పరీక్ష హాలు బయట చివరి నిమిషంలో పిల్లలకి చెప్పినట్టు చెబుతోంది ఆ అమ్మాయి. "నాన్నా, ఇవాళ ఏ వారం? చెప్పు, లోపల అడుగుతారు." "నీకు తెలీదా ఏంటి?" అన్నాడాయన. "నాకు తెలుసు నాన్నా, నువ్వు చెప్పాలి." "తెలిసినదానివి నువ్వే చెప్పు మరి." నవ్వొచ్చింది. నవ్వుతూనే లోపల్లోపల వారం చూసుకున్నాను, బుధవారం. నెల చూసుకున్నాను. ఈ భవనంలో ఇది ఎన్నో అంతస్తు, ఈ గోడకి వేసిన ఆకుపచ్చ రంగు పోయినసారి నీలమే కదా, లేక అది పక్క వార్డా? దొంగ ఇంట్లో దూరాక ఇంటాయన ఒక్కో గదిలో దీపం వేసి చూసుకున్నట్టుంది నా పని. అటెండరు అటుగా వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు. "అయ్యో, సార్, మీరిక్కడ కూర్చున్నారేంటి? లోపలున్నది మీ శిష్యురాలే కదా, పదండి పదండి." "వంతు వస్తే వెళ్తానయ్యా" అన్నాను. పాపం, నేను తనిఖీకి వచ్చాననుకున్నాడు. చేతిలో చీటీ కనబడకుండా అరచెయ్యి మూశాను. ఆ చీటీ మీద నా పేరు 'రోగి' అనే గడిలో ఉంది. పక్కనున్న 'డాక్టరు' గడిలో సంతకం పెట్టి పెట్టి అలవాటైన కళ్ళు మాటిమాటికీ అటే పోతున్నాయి.

ఇంట్లో చెప్పలేదు. చెప్పలేదంటే సగం చెప్పాను. "నేను చెప్పిందే చెబుతున్నానా ఈ మధ్య?" అని మా ఆవిడని అడిగితే, "ఈ మధ్యేంటి? పెళ్ళయిన కొత్తలో కూడా ఆ ఒక్క జోకే చెప్పేవారు. అప్పుడు నవ్వేదాన్ని, ఇప్పుడు మానేశాను, అంతే తేడా" అంది. అని వంటింట్లోకి వెళ్ళిపోకుండా, గరిటె పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడి నన్ను చూసింది. జోకు వేసినవాళ్ళు అంతసేపు చూడరు. వంటిల్లు. ఆ, బల్బు! వంటింట్లో బల్బు పోయింది, తెమ్మంది. అదే ఆ ఇంకోటి. హమ్మయ్య. ఒక బల్బు గుర్తొచ్చినందుకు కళ్ళలో నీళ్ళు తిరిగే వయసొచ్చిందా నాకు? ఇంకా రాలేదు. మా నాన్నకి చివరిదాకా రాలేదు. గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాడు, అక్షరం ముక్క రాదు, కానీ ఏ బస్తా ఏ కొట్టుకి, ఏది తడవకూడదు, ఏది పైన వేస్తే కింది బస్తా పగులుతుంది, అంతా నెత్తిమీదే ఉండేది, బస్తాతో పాటు. నేను బడిలో పద్యం తప్పితే మేస్టారు కొట్టారని ఏడుస్తూ వస్తే, "చదువంటే మోతేరా, దించే చోటు వచ్చేదాకా దించకూడదు, అంతే" అన్నాడు. మా ఇంట్లో బడి దాటి కాలేజీ గుమ్మం ఎక్కింది నేనే. మనస్సుకి సంబంధించిన డాక్టరునవుతున్నానంటే మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "పిచ్చోళ్ళ డాక్టరా? ఇంతా చదివి గుండెకాయ డాక్టరు కాలేకపోయావా నాయనా? నలుగురిలో ఏమని చెప్పుకోను?" మా నాన్న బీడీ ఆర్పి, "ఎవడో ఒకడు చూడాలి కదే వాళ్ళని" అన్నాడు. పట్టా ఇచ్చినప్పుడు కాదు, ఆ మాటకి నేను డాక్టర్నయ్యాను.

చదువవగానే సైన్యంలో చేరాను. అక్కడ సిపాయిలు నాకు పెట్టిన పేరు స్క్రూడ్రైవరు. స్క్రూ లూజైనవాళ్ళని బిగించేవాడు. "ఒరే, స్క్రూడ్రైవరు వస్తున్నాడు, సరిగ్గా నిలబడండి" అనేది నా చెవిన పడేది. నేను విననట్టు నటించేవాణ్ణి, వాళ్ళు అననట్టు నటించేవాళ్ళు. జ్ఞాపకశక్తి చూడటానికి నాకు మూడు మాటలుండేవి: తాళం, నిమ్మకాయ, గుర్రం. ఒకదానికొకటి పొత్తు లేని మాటలు కావాలి, అదీ సూత్రం. చెప్పి, కాసేపు వేరే కబుర్లు పెట్టి, మళ్ళీ అడగాలి. ఒకరోజు ఓ కుర్రాడు లోపలికొచ్చి సెల్యూట్ కొట్టి, నేను నోరు తెరవకముందే, "తాళం, నిమ్మకాయ, గుర్రం, సార్! ఇంక వెళ్ళొచ్చా?" అన్నాడు. బ్యారక్ మొత్తానికి వచ్చట. కొత్తగా చేరినవాళ్ళకి దుప్పటి, పళ్ళెంతో పాటు నా మూడు మాటలు కూడా ఇచ్చి పంపుతున్నారట. అప్పట్నించీ అక్కడ మనిషికో రకం మాటలు చెప్పేవాణ్ణి. సైన్యం వదిలి కాలేజీకి వచ్చాక మళ్ళీ పాతవాటికే వచ్చేశాను. అలవాటు కదా, సొంత మంచం లాంటిది. ఎంత మంది పిల్లలకి నేర్పాను. ఇప్పుడు దేశంలో ఏ ఆస్పత్రిలో మెల్లగా మనుషులు మాసిపోతున్నా, ఎదురుగా నా శిష్యుడెవడో కూర్చుని, తాళం, నిమ్మకాయ, గుర్రం అంటుంటాడు.

పేరు పిలిచారు. నా పేరే. లేచాను. పెద్దాయన కూతురు నా వైపు చూసి, "బెస్టాఫ్ లక్ అంకుల్" అంది.

లోపలున్నది నేను 'ఆలస్యం' అని పిలిచిన అమ్మాయి. చదువుకునే రోజుల్లో ఒక్కనాడు వేళకి వస్తే ఒట్టు. 'ఆలస్యం గారు వచ్చారు, ఇక పాఠం మొదలుపెడదాం' అనేవాణ్ణి. ఇప్పుడు జుట్టులో తెల్లవెంట్రుకలు, మెడలో స్టెతస్కోపు, ఈ విభాగానికి పెద్ద. నన్ను చూసి లేచి నిలబడింది. "సర్, మీరు బయట కూర్చోవడం ఏంటి సర్, ఒక్క మాట చెప్తే..." "ఇవాళ నువ్వు వేళకి వచ్చావు, నేను ముందొచ్చాను. ఇద్దరికీ కొత్తే. కూర్చోమ్మా." కూర్చుంది. ఆమె కుర్చీ నా కుర్చీ కంటే కొంచెం ఎత్తు. అలా ఉండకూడదని నేనే చెప్పేవాణ్ణి. "ఏం ఇబ్బంది సర్?" "మర్చిపోతున్నానేమోనని భయం." ఆ ముక్క అంత తేలిగ్గా బయటికొస్తుందనుకోలేదు. వారం అడిగింది, చెప్పాను. నెల, అంతస్తు చెప్పాను. గొంతు సవరించుకుంది. పద్ధతి ప్రకారం కాస్త నిదానంగా, ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ, నేను నేర్పిన లయలోనే, "మూడు మాటలు చెప్తాను సర్, గుర్తుపెట్టుకోండి. తాళం. నిమ్మకాయ. గుర్రం."

చెప్పాక తనకే తెలియలేదు ఏం చేసిందో. ఎలా తెలుస్తుంది? చేతికి ఆ మాటలు తప్ప వేరేవి తగలవు, నేనే అలా తయారుచేశాను. నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే పాసవుతాను. బుర్రంతా చెదలు పట్టినా ఆ మూడూ ఉంటాయి, చచ్చాక అడిగినా చెబుతాను. సాయంత్రం ప్రిన్సిపాల్‌కి ఔనని చెప్పొచ్చు, బల్బు కొనుక్కుని ఇంటికెళ్ళొచ్చు, మా ఆవిడకి 'చూశావా, ఏమీ లేదట' అనొచ్చు. రిటైరయ్యాక బోర్డులో కూర్చుని, ఎవడో సిపాయి కళ్ళలోకి చూసి, నువ్వు పనికిరావయ్యా అని సంతకం పెట్టొచ్చు. ఆ కుర్రాడు గుర్తొచ్చాడు, 'ఇంక వెళ్ళొచ్చా సార్' అన్నవాడు. వాణ్ణి నేను వెళ్ళనివ్వలేదు. "అమ్మా" అన్నాను, "మాటలు మార్చు." ఒక్క క్షణం అర్థం కాలేదు తనకి. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "సారీ సర్. అసలు... సారీ." అటూ ఇటూ చూసింది, బల్ల వైపు, కిటికీ వైపు. "గొడుగు. ఇటుక. పావురం." "గొడుగు, ఇటుక, పావురం" అన్నాను. సరే. బయటి నుంచి నర్సు తలుపు తోసింది, వార్డులో ఎవరో కింద పడ్డారట. "ఇప్పుడే వస్తాను సర్, ఒక్క నిమిషం" అని పరిగెత్తింది. ఆలస్యం గారి ఒక్క నిమిషం ఎంతుంటుందో నాకు తెలీదా?

గొడుగు, ఇటుక, పావురం. గొడుగు మా ఆవిడది, ఊచ ఒకటి వంగిపోయింది, తెరిస్తే ఓ పక్క చెవి వాల్చిన కుక్కలా ఉంటుంది. ఇటుక మీద ఇటుక. ఇలా బొమ్మలు కట్టుకోవడం మోసమా? కాదు, అందరూ చేసేదే. గొడుగు, ఇటుక, పావురం. అసలు నేనిక్కడికి రావడానికి కారణం బల్బు కాదు, చెప్పిందే చెప్పడం కాదు, క్లాసులో సుద్దముక్క పట్టుకుని ఓ మాట కోసం నిలబడిపోతే పిల్లలు అది నాటకీయత అనుకుని రాసుకోవడానికి పెన్నులు సిద్ధం చేసుకోవడమూ కాదు. పోయిన వారం గడ్డం గీసుకుంటుంటే బల్లి కనబడకుండా పోయింది. గోడమీది బల్లి కాదు, నా లోపలిది. నాకు నేను రోజూ గడ్డం గీసుకుంటూ చెప్పుకునేవి కొన్నున్నాయి: దువ్వెన, పాట, భుజాలు, బల్లి. ఆ రోజు దువ్వెన వచ్చింది, పాట వచ్చింది, భుజాలు వచ్చాయి, తర్వాత ఖాళీ. అద్దంలో సగం నురగ ముఖంతో నిలబడిపోయాను. అవి నావైతే ఇంత భయపడేవాణ్ణి కాదు. నావి కావు. నాకు అప్పగించినవి.

గొడుగు, ఇటుక, ఆ, పావురం. అప్పగించింది పొడుగాయన, ఓ సిపాయి. బ్యారక్‌లో అందరికంటే ఎత్తు, మంచం చాలక కాళ్ళు బయటికి పెట్టుకునేవాడు. మంచం మీద పడుకోకపోవడంతో నా దగ్గరికి తెచ్చారు. వాళ్ళున్న భవనం గోడ కూలి ఇద్దరు కింద చిక్కుకుపోయారు, ఇతనూ, ఇతని జతగాడూ. చుట్టరికం లేదు, కానీ ఇతను వాణ్ణి బావా అనేవాడు, వాడు ఇతన్ని మామా అనేవాడు. రాళ్ళు తీసి పైకి లాగేసరికి బావ లేడు. చివరిదాకా వాడు అన్నదొక్కటే: "పడుకోకు మామా. నువ్వు పడుకుంటే నన్నెవరు చూస్తారు?" ఇతను పడుకోలేదు. ఆస్పత్రికి తెచ్చాకా పడుకోలేదు. మందులిచ్చాను, కళ్ళు వాలేవి, నడుం వాలేది కాదు. మా కల్నల్ వచ్చి చూసి, "నాటకం డాక్టర్. డ్యూటీ ఎగ్గొట్టడానికి. వీళ్ళ సంగతి మీకు తెలీదు" అన్నాడు. "నాటకమైతే విశ్రాంతి వేళకైనా ఆపాలి కదండీ" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ మాట అన్నాక ఏదో తట్టింది. మంచం మీద అతను కూర్చున్న తీరు చూశాను. వీపు నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద, చూపు తలుపు మీద. రోగి కూర్చునే తీరు కాదది. కాపలావాడిది.

కాపలా మారేటప్పుడు మా దగ్గరో పద్ధతి ఉండేది. దిగేవాడు తన కాపలాలో ఏమేమున్నాయో ఒక్కొక్కటే పైకి చెబుతాడు. ఎక్కేవాడు వాటిని అదే వరసలో తిరిగి చెబుతాడు. చెప్పి, 'అందుకున్నాను' అంటాడు. ఆ మాట పడేదాకా దిగేవాడు కదలకూడదు, వాన రానీ, పిడుగు పడనీ. ఇతన్ని ఎవరూ దింపలేదు. అంతే జబ్బు. పుస్తకాల్లో వెతికితే దొరకలేదు. పట్టపగలు, భోజనాల గంట కొట్టాక, వార్డులో పళ్ళేల చప్పుడు మధ్య, నేను టోపీ పెట్టుకుని వెళ్ళి అతని ఎదురుగా మడమలు చేర్చి నిలబడి, "కాపలా మార్పు" అన్నాను. పక్క మంచాలవాళ్ళు, స్క్రూడ్రైవరుకే స్క్రూ పోయిందనుకుని ఉంటారు. పొడుగాయన లేచి నిలబడ్డాడు. మడమలు చేర్చాడు. చెప్పాడు. మిషన్ కటింగ్ చేసిన గుండు లాంటి తలకి దువ్వెనెందుకో తెలీదు కానీ, బావ ఎడమ జేబులో ఎప్పుడూ దువ్వెన ఉండేది. ఏ పాటైనా మొదటి లైనే పాడేవాడు, రెండోది రాదు, మళ్ళీ మొదటిదే. నవ్వొస్తే ముందు భుజాలు కదిలేవి, చప్పుడు తర్వాత వచ్చేది. తుపాకీకి భయపడడు, బల్లిని చూస్తే మంచం ఎక్కేవాడు. అన్నీ తిరిగి చెప్పాను, అదే వరసలో. "అందుకున్నాను" అన్నాను. అతను నా వైపు కాసేపు చూసి, వెనక్కి తిరిగి, మంచం మీద ఒరిగి, కాళ్ళు బయటికి పెట్టుకుని నిద్రపోయాడు. కల్నల్ గారు అడిగారు, ఏ మందిచ్చారని.

తర్వాత ఎన్నో జరిగాయి. ఉద్యోగం మారాను, ప్రొఫెసర్నయ్యాను, సన్మానాలు చేశారు, శాలువాలు బీరువాలో ఉన్నాయి. కానీ ఏళ్ళు గడిచాక ఓసారి అతను కాలేజీకి వచ్చాడు, భార్యతో. బస్సు నడుపుతున్నాడట, బొజ్జ వచ్చింది. బావ మాట ఎత్తలేదు, దిగినవాడు ఎత్తకూడదు కూడా. వెళ్ళబోతూ గుమ్మంలో తల వంచి, ఎత్తు మనిషి కదా, "అంతా క్షేమమేనా సార్?" అన్నాడు. "అంతా క్షేమం" అన్నాను. అప్పటికి అది నిజం. పోయిన వారం బల్లి పోయింది. మధ్యాహ్నం భోజనం దగ్గర గోడమీద నిజం బల్లి కనబడితే వెనక్కొచ్చింది. అంటే ఇకమీదట గోడలకేసి చూస్తూ బతకాలా? బల్లి వచ్చి గుర్తుచేస్తే గుర్తుండటం, లేకపోతే లేదా? గొడుగు. ఇటుక. గొడుగు, ఇటుక. ఇదేమిటి? ఇప్పుడే కదా అన్నాను. ఊచ వంగిన గొడుగు, ఇటుక మీద ఇటుక, దాని మీద... గోడ. గోడ కాదు. గోడ వాళ్ళమీద పడింది. కిటికీ గట్టు మీద బూడిదరంగు పిట్ట ఒకటి మెడ ఊపుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది, ఆ గొంతులో గురగుర మనసుని నిలబడనివ్వడం లేదు. పో, పో. గొడుగు, ఇటుక.

ఆలస్యం వచ్చింది, చేతులు తుడుచుకుంటూ. "సారీ సర్. పెద్ద దెబ్బేం తగల్లేదు." కూర్చుని, వేరే ఏదో అడిగినట్టే అడిగింది, "ఆ మూడు మాటలు చెప్తారా సర్?" "గొడుగు. ఇటుక." ఆమె కలం కదలలేదు. నేను నేర్పిందే, తప్పు చెప్పినప్పుడు రోగి ముందు రాయకూడదు. "తొందరేం లేదు సర్." తొందర లేకపోవడమే కదమ్మా భయం. "రెక్కలుంటాయి సర్" అంది, కొంచెం ముందుకు వంగి. పైకి చూశాను. "ఫ్యానా?" ఆమె కళ్ళు గబుక్కున కిటికీ గట్టు మీదికి వెళ్ళి, అంతే గబుక్కున వెనక్కి వచ్చి, బల్ల మీద వాలాయి. ఎందుకు అటు చూసిందో నాకు తెలియలేదు. అక్కడేదో టపటపలాడి ఎగిరిపోయింది. "పర్వాలేదు సర్. ఒక్క మాటకే ఏమీ తేల్చలేం. స్కాన్ తీద్దాం, రక్తం చూద్దాం, విటమిన్ తక్కువైనా ఇలా ఉంటుంది." "ఈ మాట నీకెవరు నేర్పారు?" "మీరే సర్." "మరి నేను ఆ మాటన్నప్పుడు లోపల ఏమనుకునేవాణ్ణో కూడా నేర్పాను కదా." తల వంచుకుంది. ఏడుస్తుందేమోనని భయమేసింది. "ఆలస్యం గారూ" అన్నాను, "ఇవాళ పాఠం బాగా చెప్పారు. మాటలు మాత్రం మార్చుకోండి, బ్యారక్ మొత్తానికి వచ్చు అవి."

ఫోన్ తీసి ప్రిన్సిపాల్‌కి అక్కడే చెప్పేశాను, కాదని. ఆయన ఎందుకండీ ఎందుకండీ అన్నారు. కాపలా సమయం అయిపోయిందన్నాను. జోకనుకుని నవ్వారు. అది తేలికైన పని. బోర్డుకి ఇంకొకరు దొరుకుతారు, పాఠానికి ఇంకొకరు దొరుకుతారు. బావ కాపలా ఒక్కటే, ఇంకొకరికి అప్పగించకుండా దిగలేను. ఆలస్యానికి చెబుదామనుకున్నాను, కానీ తలుపు దగ్గర పెద్దాయన కూతురు చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఈ డాక్టరమ్మకి ఇవాళ మోయాల్సిన బస్తాలు చాలా ఉన్నాయి. మా ఆవిడకి రేపు చెబుతాను, బల్బు పెట్టాక. ఆమెకి ముందు నా సంగతి చెప్పాలి, ఇవాళ్టికి ఆ బరువు చాలు. ఒక్కడి మీదే ఉంచడం మంచిది కాదని ఇప్పుడు తెలిసింది. అందుకే, ఇంతదాకా విన్న మీకు.

ఆలస్యం గారు చెప్పిన మూడో మాట మీకు గుర్తుండే ఉంటుంది. ఉంటే దించేయండి, దానితో ఎవరికీ పనిలేదు. ఆ ఖాళీలో బావని పెట్టుకోండి. నేను చెబుతాను, అదే వరసలో మీరు తిరిగి చెప్పండి. ఎడమ జేబులో దువ్వెన. పాటలో మొదటి లైను, మళ్ళీ మొదటి లైను. నవ్వు కంటే ముందు కదిలే భుజాలు. పొడుగాయన వాణ్ణి బావా అనేవాడు. రేపో ఎల్లుండో ఓ పొడుగాటి మనిషి, బస్సు డ్రైవరు, తల వంచి, అంతా క్షేమమేనా అని అడిగితే, నేను పక్కనే కూర్చుని వెర్రిముఖం వేసినా, మీరు క్షేమమే అని చెప్పాలి. అందుకున్నాను అనండి, నేను కదులుతాను. బావని గుర్తుపెట్టుకోండి. బల్లితో సహా.